పోయినేటి పంచాంగం

‘పంచాంగం పోతే నక్షత్రాలు పోతాయా’ అని మనకో సామెత. కంప్యూటర్ల లోకంలో ఈ మాటని రోజూ వాడుతుంటారు, సామెత అని తెలియకుండానే. ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఒక పరికరం ఎలా మాట్లాడాలో చెప్పే పత్రం పాతబడిపోయింది, అందులో రాసింది ఒకటి, లోపల జరిగేది ఇంకొకటి అని ఎవరైనా మొత్తుకుంటే, ‘కోడ్ ఉందిగా, చదువుకో’ అంటారు. నక్షత్రాలున్నాయిగా, డాబా ఎక్కి చూసుకో అన్నట్టు.

ఈ జవాబు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆకాశంలో నక్షత్రాల్ని మనం కదపం. ఇక్కడ కదిపేది మనుషులే. ఫలానా రోజున, ఫలానా కారణానికి, తెలిసి తెలిసి కదుపుతారు. ఎటు కదిపారో కదిపినవాళ్లకి తెలుసు. ఆ సంగతి రెండు వాక్యాల్లో రాసిపెట్టడం వాళ్లకి పది నిమిషాల పని. రాయకపోతే, దాన్ని కనిపెట్టడానికి ఎక్కడో విజయవాడ వన్ టౌన్‌లో ఒకడికి పది రోజులు పడుతుంది. తమ పది నిమిషాలు మిగుల్చుకోడానికి ముక్కూమొహం తెలియనివాళ్ల పది రోజులు తగలబెట్టడాన్ని ఇంజనీరింగ్ అనకూడదు. దానికి మన భాషలో వేరే మాటలున్నాయి.

సాహిత్యం చదువుకునేవాళ్లకి ఈ డ్రైవర్ల గోల ఎందుకంటారా? కాస్త ఓపిక పట్టండి. మీ పుస్తకాల దగ్గరికే వస్తున్నాను.

ముందు డ్రైవర్ అంటే ఏమిటో చెప్పుకుందాం. ప్రింటర్ భాష ప్రింటర్‌ది, స్కానర్ భాష స్కానర్‌ది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి అవేవీ రావు. మచిలీపట్నం రేవులో దిగిన కంపెనీవాళ్లకి మన నేతగాళ్లతో బేరమాడటానికి దుబాసీ కావలసివచ్చినట్టే, ఇక్కడా మధ్యలో ఒక దుబాసీ కావాలి. వాడే డ్రైవర్. ఒకవైపు పరికరంతోనూ మరోవైపు ఆపరేటింగ్ సిస్టమ్‌తోనూ వాడికి ఒప్పందాలుంటాయి. ఈ పేరుతో పిలిస్తే పలుకుతాను, ఇన్ని వివరాలిస్తే పని మొదలుపెడతాను, పని చెడితే ఫలానా అంకె చెబుతాను, ఇలాగ. ఈ ఒప్పందం పేరు ఇంటర్‌ఫేస్. దాన్ని రాసుకున్న కాగితం డాక్యుమెంటేషన్. ఒప్పందం మారి కాగితం మారకపోతే దుబాసీ పాతమాటే చెబుతుంటాడు, దొర కొత్త అర్థం తీసుకుంటాడు, బేరం చెడుతుంది. మాట పడేది మాత్రం బట్టల మూట మోసుకొచ్చినవాడు.

*

ఇప్పుడు వన్ టౌన్‌కి రండి. రైల్వే స్టేషన్‌కీ ఇంద్రకీలాద్రికీ కృష్ణకీ మధ్య ఇరుక్కున్న పాత ఊరు. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ సందుల్లో హోల్‌సేల్ కొట్లు, లారీ ఆఫీసులు, పెళ్లికార్డులూ బిల్లుబుక్కులూ కరపత్రాలూ కవితా సంపుటాలూ ఒకే మిషన్ మీద వేసే చిన్న ప్రెస్సులు. నేనిక్కడ రెండు రకాల పాత యంత్రాలు చూస్తుంటాను.

మొదటిది లారీ ఆఫీసులో ఉండే డాట్ మాట్రిక్స్ ప్రింటర్. గరగరమంటూ మూడు కాపీల కాగితం మీద రసీదులు కొడుతూనే ఉంటుంది. దాని వెనక కంప్యూటర్లు మారాయి, విండోస్‌లు మారాయి, గుమాస్తాలు మారారు. అది మాత్రం నడుస్తోంది. ఎందుకని? 1980లలో ఈ ప్రింటర్లతో వచ్చిన పుస్తకం వెనక పేజీల్లో ఆజ్ఞల జాబితా మొత్తం అచ్చేసి ఇచ్చేవాళ్లు. ఎస్కేప్ అనే సంకేతం పంపి, దాని వెనక ఈ అంకె పంపితే అక్షరం లావవుతుంది, ఈ అంకె పంపితే కాగితం ఇంత జరుగుతుంది. ఎప్సన్ వాళ్ల ఆ ఆజ్ఞల వరస అందరికీ తెలిసిందే కాబట్టి ఇతర కంపెనీలూ దాన్నే పాటించాయి. భాష బాహాటంగా ఉంది కాబట్టి ఒక దుబాసీ పోతే ఇంకో దుబాసీ వచ్చాడు.

రెండోది ప్రెస్సులో ఓ మూల ఉండే స్కానరో, ట్రేసింగ్ తీసే పాత లేజర్ ప్రింటరో. దాని పక్కన ఒక ముసలి కంప్యూటర్. అందులో విండోస్ ఎక్స్‌పి. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. అయినా ఎవరూ దాన్ని కదపరు. ఆ పరికరానికి డ్రైవర్ ఉన్నది ఎక్స్‌పికి మాత్రమే. 2007లో విస్టా వచ్చి డ్రైవర్ల ఒప్పందాలని చాలామేరకు తిరగరాసింది. అప్పటికే అమ్మేసిన సరుకుకి కొత్త డ్రైవర్ రాసే ఓపిక చాలా కంపెనీలకి లేకపోయింది, ఆ పరికరం భాష ఏమిటో బయటికి చెప్పే మనసూ లేకపోయింది. అందుకని ఆ ముసలి కంప్యూటర్‌కి దసరాకి మిగతావాటికంటే పెద్ద బొట్టు పెడతారు. ‘దీనికి నెట్ పెట్టరాదు’ అని మానిటర్ మీద కాగితం అంటిస్తారు. ఆ గదిలో నిజానికి సరిపోలే డాక్యుమెంటేషన్ అదొక్కటే.

గమనించండి, రెండో యంత్రం పాడవలేదు. అద్దం బాగుంది, దీపం వెలుగుతోంది, మోటారు తిరుగుతోంది. కాగితం లేక చచ్చిపోయింది. మనవాళ్లు దీన్ని ‘టెక్నాలజీ మారిపోయింది’ అని సర్దిచెప్పుకుంటారు. టెక్నాలజీ మారలేదు. ఒక ఒప్పందం మారింది, అంతే. పాత ఒప్పందం ఏమిటో, కొత్తది ఏమిటో రాసి ఉంటే ఈ ఊళ్లోనే కోడ్ తెలిసిన కుర్రాడెవడో కొత్త దుబాసీని తయారుచేసేవాడు. లినక్స్‌లో పాత స్కానర్లు ఇప్పటికీ పనిచేయడానికి సేన్ అనే ప్రాజెక్టు ఉంది. అందులో ఎన్నో డ్రైవర్లని కంపెనీ కాగితాలు లేక, తీగలో పోయే సంకేతాల్ని గమనించి, ఊహించి, తప్పుచేసి, దిద్దుకుని రాశారు. గోడకి చెవి ఆనించి భాష నేర్చుకోవడం లాంటిది అది. వాళ్లకి చేతులెత్తి దండం పెడతాను. కానీ గోడ అవతల ఉన్నవాళ్లు తలుపు తీస్తే సరిపోయేదానికి ఇంత తపస్సు ఎందుకు?

ఈ కోపం కొత్తదేమీ కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమే ఒక ప్రింటర్ దగ్గర మొదలైంది. 1980 ప్రాంతంలో ఎమ్ఐటి కృత్రిమ మేధ ప్రయోగశాలకి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. కాగితం ఇరుక్కున్నప్పుడు అది అందరికీ తెలియజేసేట్టు దాని ప్రోగ్రాముని మారుద్దామని రిచర్డ్ స్టాల్మన్ అనుకున్నాడు. పాత ప్రింటర్‌కి అలా చేసుకున్నారు మరి. కొత్తదాని సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఇంకో విశ్వవిద్యాలయంలో అది ఉన్నాయన్ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాను అన్నాడు. 1983లో స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ అవమానం ఉంది. కాగితం ఇరుక్కోవడం అనే చిన్న విషయం మీద ఇంత రభసా అని నవ్వకండి. కాగితం ఇరుక్కుంటే ఏమవుతుందో ప్రెస్సులో పనిచేసేవాళ్లనడగండి.

*

సోర్స్ కోడ్ బయటపెడితే సమస్య తీరుతుందా? తీరదు. నా అసలు తగాదా ఇక్కడే. దాచుకునే కంపెనీల్ని తిట్టడం సులభం. అన్నీ బాహాటంగా పెట్టేవాళ్లు కూడా కాగితం దగ్గర ఎలా చేతులెత్తేస్తారో చూడండి.

లినక్స్‌లో డ్రైవర్ రాయడం నేర్చుకోవాలంటే ఈరోజుకీ చాలామంది చేతికి దొరికేది ఒక పుస్తకం, ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’. జొనాథన్ కార్బెట్, అలెస్సాండ్రో రుబీని, గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాశారు. మూడో కూర్పు 2005లో వచ్చింది. నెట్‌లో ఉచితం. చాలా మంచి పుస్తకం. ముగ్గురూ ఆ విద్యలో ఆరితేరినవాళ్లు. ఒకటే చిక్కు. అది 2.6.10 అనే కెర్నెల్ గురించి రాసింది. ఆ తర్వాత ఇంకో కూర్పు రాలేదు.

విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవేముంది? అక్కడి నుంచి ఏటా ఎవరో ఒక అమ్మాయి, ఎవరో ఒక కుర్రాడు ఉత్సాహంగా ఆ పుస్తకం దించుకుంటారు. అందులోని ఉదాహరణని ఉన్నదున్నట్టు టైప్ చేస్తారు. కంపైల్ కాదు. పుస్తకంలో ఇంటరప్ట్ అందుకునే ఫంక్షన్‌కి మూడు వివరాలు అందుతాయి. 2006 చివర్లో వచ్చిన 2.6.19లో మూడోది తీసేశారు. పుస్తకంలో ఉన్న పాత తరహా ఐఓకంట్రోల్ గడి 2010లో 2.6.36తో పోయింది. టైమర్ని సిద్ధంచేసే పాత పద్ధతి 2018 జనవరిలో వచ్చిన 4.15లో పోయింది. ప్రోక్ ఫైళ్లని తయారుచేసే తీరు 2020లో 5.6తో మారింది. ఒక్కో మార్పుకీ మంచి కారణమే ఉంది. కాదనను. ఆ కారణాలేవీ తెలియని పిల్ల మాత్రం తెరమీద ఎర్రక్షరాల్ని చూసి, ‘ఇది నా వల్ల కాదేమో’ అనుకుంటుంది. నేను కోప్పడేది ఆ వాక్యం మీద. పాతబడిన పత్రం తప్పు తనదని ఒప్పుకోదు, చదివినవాళ్ల మీదికి తోసేస్తుంది. పుస్తకం తప్పని అనుకోడానికి ముందే కొంత తెలిసుండాలి. ఏమీ తెలియనివాళ్లు తామే తప్పనుకుంటారు. ఊళ్లో సీనియర్లు, పక్క కుర్చీలో అనుభవజ్ఞులు ఉండే బెంగళూరు కంపెనీలో ‘అదా, అది మారిపోయిందిలే’ అని ఎవరో ఒకరు చెబుతారు. ఇక్కడ ఎవరు చెబుతారు? రాసిన పత్రం అవసరం ఎక్కువగా ఉన్నది అడగడానికి మనిషి లేనివాళ్లకే.

కెర్నెల్‌వాళ్ల వాదన కూడా వినాలి. లోపలి ఇంటర్‌ఫేస్ ఎందుకు స్థిరంగా ఉండదో, ఉండకూడదో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఒక పత్రం రాశాడు. అది కెర్నెల్‌తో పాటే వస్తుంది. క్లుప్తంగా ఆయన చెప్పేది: మీ డ్రైవర్ని మా ఇంట్లో పెట్టండి, మేం ఒప్పందం మార్చినప్పుడు మీ డ్రైవర్నీ మేమే సరిదిద్దుతాం. అందుకే పాత తప్పుల్ని మోసుకు తిరగాల్సిన పని మాకు లేదు. బయటి ప్రోగ్రాములు వాడే ఒప్పందాన్ని మాత్రం విరగ్గొట్టం.

ఇది నిజాయితీ ఉన్న వాదన. చాలావరకు పాటిస్తారు కూడా. ఇంటర్‌ఫేస్ మార్చినవాళ్లు దాన్ని వాడుతున్న వందల డ్రైవర్లని వెతికి మరీ దిద్దుతారు. లేకపోతే వాళ్ల మార్పుని ఎవరూ తీసుకోరు. సరిగ్గా ఇక్కడే నా ప్రశ్న. వందల డ్రైవర్లని వెతికి దిద్దే ఓపిక ఉన్నవాళ్లకి, ఆ ఫంక్షన్ గురించి రాసిన ఒక పేరా దిద్దే ఓపిక ఎందుకు ఉండదు? కోడ్ దిద్దకపోతే కంపైల్ కాదు, అందుకని దిద్దుతారు. పత్రం దిద్దకపోయినా అన్నీ నడుస్తాయి, అందుకని వదిలేస్తారు. అరిచేదానికి పాలు, అరవనిదానికి పస్తు.

2016 నుంచి కెర్నెల్ పత్రాల్ని స్ఫింక్స్ అనే పరికరంతో ఒక పద్ధతిలో పెట్టుకొస్తున్నారు. ఫంక్షన్ పక్కనే దాని వివరణ రాస్తే అదే పుస్తకంలో పేజీ అవుతుంది. ఫంక్షన్‌కి కొత్త వివరం చేర్చి, వ్యాఖ్యలో దాని పేరు రాయడం మర్చిపోతే ఒక ప్రోగ్రాము హెచ్చరిస్తుంది. మంచిదే. అయితే అది పేర్లు చూస్తుంది, అర్థం చూడదు. ‘దీన్ని తాళం వేశాకే పిలవాలి’ అని ఉన్నచోట ఇప్పుడు తాళం వేయకుండా పిలవాలి అని మారితే ఏ ప్రోగ్రామూ హెచ్చరించదు. పేరు తప్పితే యంత్రం పట్టుకుంటుంది. మాట తప్పితే మనిషే పట్టుకోవాలి.

ఇది అసాధ్యం అని మాత్రం అనకండి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. లినక్స్ ముందు చిన్న సంసారం. అక్కడ మాన్యువల్ పేజీలో తప్పుంటే అదీ బగ్గే. ఇంటర్‌ఫేస్ మారిస్తే పేజీ మారాలి, అదొక ఆచారం. దాన్ని నడిపే థియో డి రాడ్ట్ పరికరాల కంపెనీల్ని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది ఒకటే, మాకు మీ డ్రైవర్ వద్దు, మీ పరికరం భాష రాసిన కాగితం ఇవ్వండి, డ్రైవర్ మేం రాసుకుంటాం అని. రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టి కాగితం తీసుకోడానికి ఒప్పుకోలేదు. వంటవాడిని పంపకండి, వంట ఎలాగో చెప్పండి అన్నాడు. తక్కువ చేతులున్నవాళ్లకి చేతనైనది ఎక్కువ చేతులున్నవాళ్లకి చేతకాదంటే నేను నమ్మను.

*

ఇక మీ పుస్తకాల దగ్గరికి వస్తాను.

మీ అల్మరాలో పాతికేళ్ల కిందటి తెలుగు పుస్తకం ఏదైనా తీసి ప్రచురణ వివరాల పేజీ చూడండి. రచయిత, ముఖచిత్రం, వెల, ప్రతులకు, డీటీపీ, ముద్రణ. చివరి రెండింటి పక్కన విజయవాడ అని ఉండే అవకాశం బాగా ఎక్కువ. ఆ డీటీపీ ఎలా జరిగింది? పేజ్‌మేకర్‌లో. ఏ ఖతితో? యూనికోడ్ కాని ఖతితో. అంటే కీబోర్డుకీ తెరకీ మధ్య ఒక చిన్న దుబాసీ ప్రోగ్రాము కూర్చునేది. మీరు ‘కి’ కొడితే అది కొన్ని అంకెలు పంపేది. ఎనిమిది బిట్ల ఖతిలో మొత్తం గళ్లు 256. ఇంగ్లీషు అక్షరాల కోసం ఉద్దేశించిన ఆ గళ్లలో మన తలకట్లు, గుళ్లు, వత్తులు, అక్షరాల ముక్కలు సర్దారు. ఏ గడిలో ఏ ముక్క అనేది ఖతి తయారుచేసినవాళ్ల ఇష్టం. ఖతి మారితే పట్టిక మారేది. ఆ పట్టికే అక్కడ ఒప్పందం. దాన్ని అందరూ చూసేలా, వెర్షన్ వారీగా రాసిపెట్టడం ఆ వ్యాపారంలో ఆనవాయితీ కాలేదు.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0. అది 2001 నాటిది. తర్వాత అడోబీ ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. ఆ రోజుల్లో కంపోజ్ చేసిన కథలు, కవితలు, నవలలు, సిద్ధాంత గ్రంథాలు సీడీల్లో, తీసి పక్కన పడేసిన హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. ఇవాళ ఫైలు తెరిస్తే, తెరుచుకుంటే, కనిపించేది తెలుగు కాదు. రోమన్ అక్షరాలు, ఫ్రెంచి యాసలు, డాలరు గుర్తులు కలగలిపిన పులుసు. పీడీఎఫ్ చేసి దాచారనుకోండి, కంటికి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం ఆ పులుసే. అందులో ‘కృష్ణ’ అని వెతికితే దొరకదు. పుస్తకం బతికే ఉంది, పిలిస్తే పలకదు.

పత్రికల వెబ్‌సైట్లు కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేవి. ఒక్కో పత్రికకి ఒక్కో ఖతి, ఒక్కో పట్టిక. అప్పట్లో నాగార్జున వెన్న ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ ఉపకరణం తయారుచేశాడు. ఆ ఖతుల్లోని పాఠాన్ని అది అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేది. తెలుగువాళ్లు ఆయనకి రుణపడి ఉన్నారు. కానీ ఆ పనిలో అసలు శ్రమ ఏమిటో ఆలోచించండి. ఎవరో ఒకప్పుడు కూర్చుని తయారుచేసుకున్న పట్టికని, వాళ్లు రాసి బయటపెట్టకపోవడం వల్ల, ఇంకొకరు ఒక్కో గడీ చూసి మళ్లీ కనిపెట్టడం. తెలిసిన సంగతిని మళ్లీ తెలుసుకోడానికి ఒక భాష తన తెలివైన పిల్లల యవ్వనాన్ని ఖర్చుచేసింది.

దీనికి ఎదురుగా రెండు ఉదాహరణలు పెడతాను. ఒకటి పోస్ట్‌స్క్రిప్ట్. ప్రింటర్‌కి పేజీని వర్ణించే ఆ భాషని అడోబీ 1985లో పుస్తకంగా అచ్చేసింది. 1990లో, 1999లో భాష పెరిగినప్పుడల్లా కొత్త కూర్పు వేసింది. అడోబీ లాభం కోసం నడిచే కంపెనీయే, దానధర్మాల సత్రం కాదు. అయినా ఎర్ర అట్టతో ఉండే ఆ పుస్తకం పుణ్యాన ఎవరైనా పోస్ట్‌స్క్రిప్ట్ చదివే ప్రోగ్రాము రాసుకోగలిగారు. ఆ పాత ఫైళ్లు ఈరోజుకీ తెరుచుకుంటాయి.

రెండోది యూనికోడే. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 128 గళ్ల పేట ఉంది. అక్షరానికి ఒకసారి గడి ఇచ్చాక దాన్ని తీసేయం, జరపం అని యూనికోడ్‌వాళ్లు మాటిచ్చారు. కొత్తవి చేరతాయి. దంత్య చ, జలు 2008లో 5.1లో చేరాయి, నకారపొల్లు 2021లో 14వ వెర్షన్‌లో చేరింది. ఏది ఎప్పుడు చేరిందో, ఎవరు ఏ ఆధారాలతో అడిగారో అన్నీ పత్రాలుగా ఉన్నాయి. మార్పుకి నేను వ్యతిరేకిని కానని ఇక్కడ మీకు అర్థమవ్వాలి. నకారపొల్లు చేరడం మార్పే. దాని పుట్టినరోజు రాసి ఉంది కాబట్టి దానివల్ల ఎవరి పుస్తకమూ చెడలేదు.

*

‘అయితే ఈ సాంకేతిక పత్రాలన్నీ తెలుగులో ఉండాలి’ అనే మిత్రులు వెంటనే లేస్తారు. ఉండాలి. నేనూ కోరుకుంటాను. కానీ మన అనువాద ఉత్సాహం మీద నాకొక ఫిర్యాదుంది. మనకి ఆవిష్కరణ సభలంటే ప్రేమ, నిర్వహణ అంటే విసుగు. ఒక మాన్యువల్ తెలుగులోకి తెస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. మర్నాటి నుంచి మూలం మారుతూ ఉంటుంది, మన తెలుగు అక్కడే నిలబడి ఉంటుంది. పాతబడిన ఇంగ్లీషు పత్రం కన్నా పాతబడిన తెలుగు పత్రం ఎక్కువ ద్రోహం చేస్తుంది. అది నమ్ముకునేవాళ్లకి సరిచూసుకోడానికి రెండో దారి లేదు కనక.

కెర్నెల్ పత్రాలకి చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలున్నాయి. మూలానికీ అనువాదానికీ తేడా ఉండొచ్చని ముందే హెచ్చరిస్తారు. అనువాదం తర్వాత మూలంలో ఏయే మార్పులు జరిగాయో లెక్కతీసి చెప్పే ఒక చిన్న ప్రోగ్రాముని కూడా అందులోనే పెట్టుకున్నారు. తెలుగులోకి తెచ్చేవాళ్లు ముందు ఆ అలవాటు తెచ్చుకోవాలి. పది పత్రాలు అనువదించి వదిలేసే బదులు ఒక్కటి అనువదించి పదేళ్లు కాపాడినవాళ్లకి నేను శాలువా కప్పుతాను.

‘ఎవరు చదువుతారండీ ఇవన్నీ’ అనేది ఇంకో వాదన. నిజమే, రోజూ ఎవరూ చదవరు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. ఏ గేటు ఎంత ఎత్తితే ఎంత నీరు పోతుందో చెప్పే లెక్కలు రోజూ ఎవరు చదువుతారు? 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకి పైగా వరద వచ్చి, పడవలు కొట్టుకొచ్చి గేట్ల బరువుదిమ్మెలకి గుద్దుకున్న రాత్రి, గేటు గురించి తెలిసిన ప్రతి కాగితమూ, ప్రతి మనిషీ కావలసివచ్చారు. కొన్ని పత్రాలు చదవడానికి కావు, ఉండటానికి. అవసరం పడిన రోజున అవి నిజం చెప్పాలి.

‘మేం జీతం లేకుండా రాస్తున్నాం, ఇంకా డాక్యుమెంటేషన్ కూడానా’ అనే స్వచ్ఛంద కార్యకర్త మాటకి మాత్రం నేను తల వంచుతాను. అది నిజమైన కష్టం. కానీ దాని పరిష్కారం పత్రాన్ని వదిలేయడం కాదు. ఆ కోడ్ మీద కోట్లు సంపాదించే కంపెనీలు కోడ్ రాసేవాళ్లకి జీతాలిస్తున్నాయి. పత్రాలు కాపాడేవాళ్లకీ ఇవ్వాలి. డాక్యుమెంటేషన్ అనగానే కొత్తగా చేరినవాళ్లకి అప్పగించే చిల్లర పనిలా చూడటం మానాలి. ఇంటర్‌ఫేస్ మారిస్తే ఏం విరుగుతుందో తెలిసినవాళ్లే దాని గురించి సరిగ్గా రాయగలరు. అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ల పని అది.

కాబట్టి నేను అడిగేవి నాలుగు.

ఇంటర్‌ఫేస్ మార్చే ప్రతి మార్పులోనే దాని పత్రం మార్పూ ఉండాలి. తర్వాత రాస్తానంటే ఆ మార్పుని తిప్పి పంపాలి. కంపైల్ కాని కోడ్‌ని తిప్పి పంపినట్టే, ఏ మొహమాటమూ లేకుండా.

ప్రతి పత్రం నెత్తిమీద రెండు అంకెలుండాలి. ఏ వెర్షన్‌కి రాసింది, ఎవరైనా చివరిసారి సరిచూసింది ఎప్పుడు. సరిచూడకపోతే ‘చూడలేదు’ అని రాయాలి. పంచాంగం అట్ట మీద సంవత్సరం పేరు ఉంటుంది. అందుకే పోయినేటి పంచాంగంతో ఎవరూ ముహూర్తం పెట్టుకోరు. మన కాలేజీల ల్యాబ్ మాన్యువళ్ల మీద ఆ అంకె ఉండదు. బ్యాచ్ తర్వాత బ్యాచ్ అదే జిరాక్స్ కాపీతో కుస్తీపడుతుంది.

ప్రభుత్వ డబ్బుతో కొనే ప్రతి ప్రింటర్‌కీ స్కానర్‌కీ, కంపెనీ మద్దతు ఆపేసిన రోజున దాని భాష బయటపెట్టాలని టెండర్‌లోనే షరతు పెట్టాలి. మద్దతు ఆపేయడం వాళ్ల ఇష్టం. నోరు కూడా కుట్టేసి పోవడం కుదరదనాలి.

నాలుగోది మన ప్రచురణకర్తలకి. ప్రచురణ వివరాల పేజీలో ముఖచిత్రం ఎవరిదో రాస్తున్నారు, బాగుంది. ఏ ఖతి, ఏ వెర్షన్, ఏ సాఫ్ట్‌వేర్‌తో కంపోజ్ చేశారో ఒక్క లైను చేర్చండి. మీ దగ్గర మూలుగుతున్న పాత ఫైళ్ల పక్కన ఆ ఖతిని, దాని పట్టికని కూడా దాచండి. పట్టిక లేకపోతే, ఆ రోజుల్లో కంపోజ్ చేసిన ఆపరేటర్లు ఇంకా వన్ టౌన్‌లో, గవర్నర్‌పేటలో ఉన్నారు. ఏ మీట నొక్కితే ఏ వత్తు పడేదో వాళ్ల వేళ్లకి తెలుసు. వాళ్లని కూర్చోబెట్టి, ఆ పనికి డబ్బిచ్చి, రాయించుకోండి. వేళ్లలో ఉన్న డాక్యుమెంటేషన్‌కి రెండో కాపీ ఉండదు.

పంచాంగం పోతే నక్షత్రాలు పోవు, ఒప్పుకున్నాను. ముహూర్తం పోతుంది. పాత స్కానర్ని పాత సామాన్లవాడికి వేసిన ప్రెస్సు ముహూర్తం, ఎర్రక్షరాలు చూసి లాప్‌టాప్ మూసేసిన పిల్ల ముహూర్తం, వెతికితే పలకని పుస్తకం ముహూర్తం. మార్చే హక్కు మీది, దాన్నెవరూ లాక్కోవడం లేదు. మార్చామని చెప్పడం మాత్రం మీరు మాకు పడ్డ బాకీ. వడ్డీ కట్టేది ఇప్పటికి మేమే.